మేలో ఆల్ప్స్‌కి టికెట్లు వేసే ముందు ఇది చూడండి

"వేసవి సెలవులు కదండీ, మేలో స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ వెళ్తున్నాం, కాస్త స్కీయింగు, కాస్త పచ్చిక బయళ్లలో నడక, రెండూ ఒకే ట్రిప్పులో అయిపోతాయి." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. అన్నవాళ్ల మీద కాదు, వాళ్లకి ఆ ప్యాకేజీ అంటగట్టినవాళ్ల మీద. మన బడులకి సెలవులుండే ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా ఆ కొండ ఊళ్లకి అటూ ఇటూ కాని కాలం.

మన దగ్గర ఫంక్షన్ హాల్ ఉంటుంది చూడండి. ముహూర్తాలున్నప్పుడు దాని కళే వేరు. మూఢం వచ్చిందా, గేటుకి తాళం, లోపల సున్నాలు, వైరింగు పని, జనరేటర్ రిపేరు. జెర్మాట్ కూడా అంతే. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఒక పెళ్లి, జూన్ చివర నుంచి సెప్టెంబర్ దాకా ఇంకో పెళ్లి, మధ్యలో మూఢం. మేలో చాలా హోటళ్లు, రెస్టారెంట్లు మూసేస్తారు, కొన్ని లిఫ్టులు ఆపి తనిఖీలు చేస్తారు, కింద మంచు కరిగి బురదగా ఉంటుంది, పైన నడక దారుల మీద మంచు ఇంకా పోదు. ఊరి నుంచి పైన గోర్నర్‌గ్రాట్ అనే కొండకి ఎక్కే రైలు నడుస్తుంది, పైన గ్లేసియర్ (ఎప్పుడూ ఉండే మంచుగడ్డ) మీద స్కీయింగూ ఉంటుంది, కాదనను. కానీ బ్రోచర్‌లో చూసి మీరు డబ్బు కట్టిన ఊరు అది కాదు.

అసలు ఈ హాల్లో ముందు జరిగింది వేసవి పెళ్లే, చాలామందికి తెలియదు. 1865 జులై 14న ఇంగ్లండ్ పర్వతారోహకుడు ఎడ్వర్డ్ వింపర్ బృందం ఊరి పక్కనున్న 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం మొదటిసారి ఎక్కింది, దిగేటప్పుడు ఏడుగురిలో నలుగురు పడి చనిపోయారు, ఆ వార్తతో ఊరి పేరు యూరప్ అంతా మారుమోగింది. 1891లో ఊరికి రైలొచ్చింది, 1898లో గోర్నర్‌గ్రాట్‌కి కరెంటు రైలు. స్కీయింగ్ జనం ఆ తర్వాత ఎప్పుడో వచ్చారు.

సరే, చలికాలం పెళ్లికి వెళ్లారనుకోండి. ఊళ్లోకి పెట్రోలు, డీజిలు కార్లు రానివ్వరు, ముందు ఊరు తేష్‌లో ఆపి రైలెక్కాలి. ఉన్నవన్నీ డబ్బాల్లాంటి చిన్న ఎలక్ట్రిక్ బళ్లు, చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చేస్తాయి, చూసుకోండి. పొద్దున్నే వీధంతా స్కీ బూట్ల టకటకలే. స్కీయింగ్ రాకపోయినా బెంగ లేదు, మంచు చదును చేసిన నడక దారులు ఉంటాయి, గోర్నర్‌గ్రాట్ రైలు దారిలో ఉన్న రోటెన్‌బోడెన్ స్టేషన్ నుంచి రిఫెల్‌బెర్గ్‌కి స్లెడ్జి మీద జారొచ్చు. ఇది పిల్లలకి స్కీయింగ్ కన్నా బాగా నచ్చుతుందని నా గట్టి నమ్మకం. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మాత్రం హాలు అద్దె అడగకండి, గుండె ఆగుతుంది.

ఇప్పుడు మాటర్‌హార్న్ నీళ్లలో తలకిందులుగా కనబడే ఫొటో సంగతి. అది రిఫెల్‌జే సరస్సు, అదే రోటెన్‌బోడెన్ నుంచి కాసేపు దిగితే వస్తుంది. జనవరిలో వెళ్తే ఆ చోట తెల్లటి గుంట తప్ప ఏమీ ఉండదు, సరస్సు మంచు కింద ఉంటుంది. ఆ ఫొటో కావాలంటే వేసవిలో, అదీ పొద్దున్నే, గాలి లేవకముందే వెళ్లాలి. మధ్యాహ్నానికి శిఖరం చుట్టూ మబ్బు పట్టేస్తుంది. వేసవిలోనే ఇంకోటి: ముందు సగం నల్లగా, వెనక సగం తెల్లగా ఉండే మేకల మంద మెయిన్ రోడ్డు మీద నడిచిపోతుంది, ఖరీదైన వాచీల షాపుల ముందు నుంచే.

"మరి వేసవిలో మంచు?" ఉంటుంది. కేబుల్ కార్లో 3,883 మీటర్ల క్లైన్ మాటర్‌హార్న్ అనే ఇంకో శిఖరానికి వెళ్లండి, జులైలో కూడా జాకెట్ కావాలి. ఊరు సుమారు 1,600 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి ఒక్కసారిగా అంత ఎత్తుకి వెళ్తే తలనొప్పి, ఆయాసం రావొచ్చు, పైన పరుగులు పెట్టకండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. స్విట్జర్లాండ్ అంతా రైళ్లు ఎక్కడానికి తీసుకునే స్విస్ ట్రావెల్ పాస్ ఊరి దాకా పనికొస్తుంది, గోర్నర్‌గ్రాట్‌కి సగం ధరకి టికెట్ కొనాలి. అక్కడికి కావాల్సిన షెంగెన్ వీసాకి ఆరు నెలల ముందే దరఖాస్తు చేయొచ్చు. సెలవులు మేలోనే తప్పవంటే ఇంటర్లాకెన్, లూసెర్న్ లాంటి సరస్సుల పక్క ఊళ్లు పెట్టుకోండి, అక్కడ అప్పటికి పువ్వులొచ్చేస్తాయి. పైకి టికెట్ కొనే ముందు లైవ్ వెబ్‌క్యామ్ చూడండి. తెర మీద తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనబడకపోతే ఆ రోజు కొనకండి.