పాత పికప్‌కి డిజిటల్ డీజిల్ మీటరు: లీటర్లు బానే చూపిస్తోంది, ఆ బజరే ప్రాణం తీస్తోంది!

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఇదిగో, మీరు అడుగుతున్న డబ్బా ఇదే. కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు, వీడియోకి డబ్బులేమీ ఇవ్వలేదు. లోపల ట్యాంకులో డీజిల్ ఎంతుందో చూసే ఒక ఫ్లోటు, ఒక డిజిటల్ మీటరు, వైరింగు, ఒక బజరు. సైజులు, వోల్టేజీ, వారంటీ అన్నీ వాళ్ల పేజీలో ఉన్నాయి, మీరు చూసే వచ్చుంటారు. అవి మళ్లీ చదివి మీ టైమ్ తినను.

మన బండి తెలుసుగా, పాత డీజిల్ పికప్పు. డ్యాష్‌బోర్డులో ముల్లుంది, పక్కన పసుపు లైటుంది. రెండూ పనిచేస్తాయి, కానీ ఒకదానికీ ఒకదానికీ పడదు. ముల్లు పావు ట్యాంకు అంటుంటే లైటు వెలుగుతుంది. లైటు ఆరిపోయిందని సంతోషించేలోపు ముల్లు కింద పడుకుంటుంది.

"అన్నా, ట్యాంకు ఎన్ని లీటర్లు?" అని ప్రతి వీడియో కింద ఎవరో ఒకరు అడుగుతారు. కిరాయికి తిరిగే బండికి ఆ లెక్కతో పనేముంది తమ్ముడూ? మనలో ఫుల్ ట్యాంకు కొట్టించేదెవరు? లోడు ఎక్కాక అడ్వాన్సు చేతిలో పడుతుంది, బంకులో ఆపి "వెయ్యికి కొట్టు" అంటాం. తర్వాతి కిరాయికి మళ్లీ వెయ్యి. టాటా ఏస్ 2005లో వచ్చింది, దానిది 30 లీటర్ల చిన్న ట్యాంకు. అది కూడా నింపి తిప్పినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. అంటే మన బండ్లు ఎప్పుడూ ట్యాంకు అడుగున ఉన్న పావు భాగంలోనే బతుకుతుంటాయి. మీటరు ఎక్కువ అబద్ధాలాడేది కూడా అక్కడే.

ఎందుకో చూపిస్తా, కెమెరా కొంచెం దగ్గరికి తీసుకురారా. ఇది మన బండిలోంచి తీసిన పాత ఫ్లోటు. ఈ చిన్న పలక మీద సన్న తీగ చుట్టుంది కదా, దాని మీద ఈ లోహపు నాలుక జారుతుంటుంది. డీజిల్ పెరిగితే దాని మీద తేలే ఈ బుడ్డి పైకి లేస్తుంది, నాలుక ఇటు జరుగుతుంది. తగ్గితే అటు. జరిగేకొద్దీ ఓమ్స్, అంటే కరెంటుకి తగిలే అడ్డు (రెసిస్టెన్స్), మారతాయి, దాన్నిబట్టి ముల్లు కదులుతుంది. ఇప్పుడు ఈ చివర చూడండి, తళతళా మెరుస్తోంది, తీగ దాదాపు తెగడానికొచ్చింది. ఆ చివర? కొత్తదే! ఎందుకంటే మన నాలుక ఏళ్ల తరబడి ఈ ఎంప్టీ వైపే రుద్దుకుంది, ఫుల్ వైపు మొహమే చూడలేదు.

ఇక లైటు. చాలా పాత బండ్లలో దాని ఏర్పాటు ముల్లుతో సంబంధం లేకుండా ఉంటుంది. ట్యాంకు కిందివైపు ఒక చిన్న థర్మిస్టర్, అంటే వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే ముక్క, పెడతారు. డీజిల్‌లో మునిగున్నంతసేపు అది చల్లగా ఉంటుంది. డీజిల్ కిందికి దిగి అది బయటపడితే, తనలో పారే కరెంటుకి తనే వేడెక్కుతుంది, వేడెక్కితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, లైటు వెలుగుతుంది. ఐడియా మంచిదే. కానీ ఘాట్ ఎక్కుతుంటే డీజిల్ అంతా ట్యాంకు ఒకవైపుకి చేరుతుందిగా. దోర్నాల దాటి శ్రీశైలం అడవిలో మలుపులు మొదలయ్యాక ఈ లైటు వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం! అక్కడ దాన్ని నమ్మి బండి నడపడం నావల్ల కాదు.

పెట్రోలు అయిపోయి బండి ఆగితే సీసాలో తెచ్చి పోసుకుంటే చాలు, పోతుంది. పాత డీజిలు బండి ఊరుకోదు, పైపుల్లో ఎయిర్ పడుతుంది. ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొడుతూ, బుడగలు పోయేదాకా కూర్చోవాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి. వెనకాల మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, మీద వాన మబ్బు, ఫోన్‌లో ఓనరు. ఇంకో సంగతి, అడుగుదాకా తాగిస్తే ట్యాంకులో ఉన్న మడ్డి, నీళ్లు అన్నీ ఫిల్టర్‌కి ఎక్కుతాయి. అందుకే చివరి లీటర్ల గురించి ఇంత గోల పెడుతున్నా.

పాత చేతక్ స్కూటర్లు గుర్తున్నాయా? ఆన్, ఆఫ్, రిజర్వ్, అంతే. ఆన్‌లో ఉంటే పైపు కొంచెం ఎత్తు నుంచి పెట్రోలు తీసుకుంటుంది, రిజర్వ్‌కి తిప్పితే అడుగు నుంచి తీసుకుంటుంది. ఆగగానే నాబ్ తిప్పి, బంకు వెతుక్కునేవాళ్లం. వైరు లేదు, ఫ్యూజు లేదు. నన్నడిగితే అంత నిజాయితీ గల మీటరు మళ్లీ రాలేదు.

సరే, ఈ డబ్బా. ఇందులో నాకు పిచ్చిగా నచ్చింది ఒకటుంది, లీటర్లు నేర్పించడం. ట్యాంకు ఖాళీ చేసి క్యాన్‌తో ఐదు లీటర్లు పోసి బటన్ నొక్కాలి, మళ్లీ ఐదు పోసి నొక్కాలి. మన ట్యాంకులు చక్కటి పెట్టెల్లా ఉండవు, ఛాసిస్ పక్కన ఇరికించడానికి మూలలు నొక్కేసి ఉంటాయి. అందుకే ముల్లు సగం దాటాక జారుడుబండ ఎక్కినట్టు దిగిపోతుంది. ఇందులో ఆ వంకరంతా మీటరుకి ముందే తెలిసిపోతుంది. అడుగున ఐదైదు కాకుండా రెండేసి లీటర్లు పోస్తూ నొక్కాను. ఇప్పుడు కింద భాగం ఎంత కచ్చితంగా ఉందంటే, బంకులో కొట్టించాక ఎన్ని లీటర్లు పడ్డాయో మీటర్లో చూసుకుంటున్నా.

అన్నట్టు, ట్యాంకు మీద రాసినదానికంటే ఎక్కువ డీజిల్ పట్టిందని బంకువాళ్లతో వెంటనే గొడవకి దిగకండి. వేడికి డీజిల్ వ్యాకోచిస్తుందని పైన కాస్త ఖాళీ వదిలే లెక్క రాస్తారు. మెడదాకా నింపితే ఆ ఖాళీ కూడా నిండుతుంది. అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలపాత్ర తెమ్మనండి. ప్రతి బంకులో ఉండాలి, అడిగితే కొలిచి చూపించాలి.

ఇక తిట్లు. ఆ బజరు! డీజిల్ తక్కువైతే కూస్తుంది, బాగుంది. కానీ స్పీడ్ బ్రేకర్ దాటితే డీజిల్ ఊగుతుంది, కూస్తుంది. మలుపు తిరిగితే కూస్తుంది. పాత ముల్లే నయం, నిదానంగా కదిలేది కాబట్టి ఊగుళ్లు పట్టించుకునేది కాదు. డిజిటల్ అని పేరు పెట్టుకుని పది సెకన్లు ఆగి చూద్దామన్న ఇంగితం లేదు దీనికి. సౌండు తగ్గించే బటన్ కూడా లేదు. మన క్లీనరు కుర్రాడు రెండో రోజే దాని నోట్లో గుడ్డ కుక్కాడు. నేను ఎర్ర వైరు పీకేశాను, ఇప్పుడు స్క్రీన్ మాత్రమే మినుకుమంటోంది. హాయిగా ఉంది.

కొనొచ్చా? కొనండి. ఆ క్యాన్‌తో నేర్పించే పని ఓపిగ్గా చేసేవాళ్లయితేనే కొనండి. పెట్టి వదిలేద్దామనుకుంటే వద్దు, పాత ముల్లుకి కొత్త ఫ్లోటు వేయించుకుని, ఎర్త్ వైరు శుభ్రం చేయించుకోండి, చాలావాటికి అదే సరిపోతుంది. పాత ఫ్లోటు అలాగే ఉంచి మీటరు ఒక్కటే మారుద్దామనుకునేవాళ్లు ముందు ఓమ్స్ కొలిచే మల్టీమీటరు పెట్టి చూడండి. నాకొచ్చిన ఈ మోడల్ ఖాళీకి 240 ఓమ్స్, ఫుల్‌కి 33 ఉన్న ఫ్లోటుకే. ఖాళీకి 10, ఫుల్‌కి 180 ఉండే రకం కూడా ఉంది, దానికి ఇది తగిలిస్తే ఖాళీ ట్యాంకుని ఫుల్ అంటుంది. మీ దగ్గర ఎంత వచ్చిందో, బండి ఏ సంవత్సరానిదో కింద రాయండి, చూసి చెప్తా.