డెడ్ హౌస్‌లో నేను చదవకుండా దాటేసిన పేజీ

నమస్కారమండీ. హ్యూస్టన్ వంటిల్లు, అక్కడి కూరగాయల ధరలు ఈ నెల పక్కన పెట్టేశాను. పిల్లతో విశాఖ వచ్చాను, గోపాలపట్నంలో అమ్మ దగ్గర ఉన్నాను. ఈ వీడియోలో ఆర్కే బీచ్ ఉండదు, కైలాసగిరి రోప్‌వే ఉండదు. మేడ మీద కూర్చుని ఒక పాత పుస్తకం గురించి మాట్లాడతాను. వెనకాల కనిపిస్తున్నవి సింహాచలం కొండలు. గాలికి మాట సరిగా వినపడకపోతే శబ్దం కాస్త పెంచుకోండి.

పుస్తకం పేరు ‘వెల్‌కమ్ టు డెడ్ హౌస్’. ఆర్.ఎల్. స్టైన్ పిల్లల కోసం రాసిన గూస్‌బంప్స్ అనే దెయ్యాల కథల వరసలో మొదటిది, 1992లో వచ్చింది. 1997 దాకా ఆ వరసలో 62 పుస్తకాలు వచ్చాయి. మా చిన్నప్పుడు ఈ పేటలో అద్దె పుస్తకాల షాపు ఒకటి ఉండేది. పెద్దవాళ్లకు డిటెక్టివ్ నవలలు, వారపత్రికలు, ఒక మూల మాకోసం ఇవి. రోజుకు రూపాయి. షాపు ఎత్తేసేటప్పుడు తూకానికి వేసిన కట్టలోంచి తమ్ముడు దీన్ని లాగి తెచ్చాడు. అటక మీద ఇత్తడి సామాను దింపుతుంటే మొన్న మళ్లీ బయటపడింది.

కథ చిన్నదే. పన్నెండేళ్ల అమాండా, పదకొండేళ్ల జోష్ అక్కా తమ్ముళ్లు. తాత వరసాయన ఒకాయన డార్క్ ఫాల్స్ అనే ఊళ్లో తమకు ఇల్లు రాసిచ్చి పోయాడని వాళ్ల నాన్నకు కబురు వస్తుంది. ఆయన ఎవరో, ఎలా ఉంటాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా సామాను సర్దుకుని బయలుదేరతారు. మన దగ్గర ఊరికే ఇల్లు వస్తుందంటే ముందు ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం) తీయించి చూస్తారు, అమెరికాలో ఆ అలవాటు లేదేమో! ఊరంతా దట్టమైన చెట్లు, పట్టపగలు కూడా ఎండ నేల మీద పడదు. ఊళ్లో ఎవరు కనిపించినా వాళ్ల కుక్క పీటీ మొరుగుతూనే ఉంటుంది. విషయం ముందుగా తెలిసింది ఆ కుక్కకే. ఊరి వాళ్లంతా ఎప్పుడో చనిపోయినవాళ్లు. ఏడాదికోసారి వాళ్లకు కొత్త రక్తం కావాలి, అందుకే ఆ ఇంటిని ఎరగా పెట్టి ఒక కుటుంబాన్ని రప్పించుకుంటారు.

అప్పట్లో ఇది మమ్మల్ని ఎంత భయపెట్టిందంటే, రాత్రి దొడ్లోకి వెళ్లాలంటే ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. మన బేతాళుడూ శవంలోనే ఉంటాడు గానీ కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు, జవాబిస్తే చెట్టెక్కిపోతాడు. అతనితో ఏదో ఒక ఒప్పందం కుదురుతుంది. డార్క్ ఫాల్స్ వాళ్లతో అలా కుదరదు, ఆంజనేయ దండకం వాళ్ల మీద పనిచేస్తుందన్న నమ్మకమూ మాకు లేదు. వాళ్లు భయపడేది వెలుతురుకే. జోష్ టార్చిలైటు వేస్తే ఒకడు అక్కడికక్కడే కరిగిపోతాడు. ఆ పేజీ చదివిన దగ్గర్నుంచి తమ్ముడు ఎవరెడీ టార్చి దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. కరెంటు పోయినప్పుడు అమ్మ దానికోసం ఇల్లంతా వెతికేది.

ఇప్పుడు చదివితే ఆ భయం రాలేదు. కిటికీలో తెర కదలడం, మెట్ల మీద అడుగుల చప్పుడు, ప్రతి అధ్యాయం చివర ఒక కేక, పేజీ తిప్పితే అది ఉత్తదే. ఆ ఎత్తులన్నీ తెలిసిపోతున్నాయి. మా పాపకు మాత్రం పనిచేస్తున్నాయి, నిన్న రాత్రి దీపం ఆర్పనివ్వలేదు.

చిన్నప్పుడు నేను చూడకుండా దాటేసిన చోటు ఒకటుంది. ఊళ్లో వాళ్లు ఎలా చనిపోయారో చెప్పే చోటు అది. ఒకప్పుడు అందరిలాంటి ఊరే. ఊరి శివార్లో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ. ఊళ్లో చాలామందికి అక్కడే పని. ఒకరోజు ప్రమాదం జరిగి పసుపు రంగు గ్యాస్ బయటికి వచ్చింది, ఊరి మీద కమ్ముకుంది, తప్పించుకునే సమయం లేకపోయింది. అంతే. నాలుగు వాక్యాల్లో ముగించి రచయిత మళ్లీ దెయ్యాల వెంట పరుగెత్తుతాడు.

అక్కడ పుస్తకం మూసేశాను. నేను కూర్చున్న ఈ మేడకు దగ్గరలోనే ఆర్.ఆర్. వెంకటాపురం ఉంది.

2020 మే 7, తెల్లవారుజామున సుమారు మూడు గంటలు. అక్కడి పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం అది. చల్లగా ఉంచకపోతే తనలో తానే చర్య మొదలుపెట్టి వేడెక్కుతుంది, ఆ వేడికి చర్య ఇంకా పెరుగుతుంది. లాక్‌డౌన్‌లో పని ఆగిపోయి ట్యాంకు అలాగే ఉండిపోయింది. ఈ ఆవిరి గాలికన్నా బరువైనది, పైకి పోకుండా నేలను పట్టుకుని ఇళ్లలోకి పాకుతుంది. జనం నిద్రలో ఉన్నారు. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పశువులు పడిపోయాయి, చెట్ల ఆకులు మాడిపోయాయి. హ్యూస్టన్‌లో మాకు అది ముందురోజు సాయంత్రం. అమ్మ ఫోను ఎత్తలేదు. ముక్కుకు తడి గుడ్డ కట్టుకుని పక్కింటివాళ్ల ఆటోలో సీతమ్మధార పిన్ని ఇంటికి వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. ఫోను ఇంట్లోనే మోగుతూ ఉండిపోయిందట.

1961లో ఆ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అది కూడా ఊరి శివారే. తర్వాత ఊరు పెరిగి దాని గోడ దాకా వెళ్లింది. హ్యూస్టన్‌లోనూ నౌకా కాలువ పొడవునా రసాయన కర్మాగారాలే, కాబట్టి ఇది మన దేశంలోనే ఉన్న సంగతి అనుకోవడానికీ లేదు.

ఇక స్టైన్‌తో నా తగువు. కథ చివర అమాండా, జోష్ ఒక పెద్ద చెట్టును పడదోస్తారు, ఎండ పడి ఊరివాళ్లంతా కరిగిపోతారు. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ చప్పట్లు కొట్టిన చోటు అదే. ఇంతకీ కరిగిపోయింది ఎవరు? గ్యాస్ పీల్చి చచ్చిన కూలీలు, వాళ్ల పిల్లలు. బాధితుల్నే రాక్షసులను చేసి, వాళ్లను ఎండలో కరిగించి, పిల్లల్ని సంతోషపడమన్నాడు. వాళ్లు రక్తం తాగేవాళ్లు కాదా అంటే తాగేవాళ్లే, నిజమే. అయినా ఆ ఫ్యాక్టరీ ఎవరిదో పుస్తకంలో ఎవరూ అడగరు. పిల్లల దెయ్యాల కథలో విచారణ కమిటీ వేయమంటానా అని నవ్వకండి. ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు.

ఈ మాట నేను ఎత్తకముందే మా పాప అడిగింది, “అమ్మమ్మా, ఫ్యాక్టరీ ఓనరు కూడా దెయ్యం అయ్యాడా?” అని. అమ్మ చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తకుండానే, “అతను ఆ ఊళ్లో కాపురం ఉండడమ్మా” అంది.

పాపకు ఆ జవాబు సరిపోలేదు. మొదటి పేజీ నుంచి ఓనరు పేరు కోసం వెతుకుతోంది, పెన్సిలుతో గీతలు కూడా పెడుతోంది. అటక మీద బొమ్మ దెయ్యం పుస్తకం ఇంకొకటి ఉంది, ఇది అయ్యాకే ఇస్తానన్నాను. వచ్చే వారం వీడియోలో పూర్ణా మార్కెట్‌కు వెళ్దాం, అమ్మకు ఎండుచేపలు కావాలట.