కింది అంతస్తే కావాలి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకూ, పొద్దుటి నుంచి కుర్చీలు మోసిన కుర్రాళ్లకూ కూడా. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం అందులోనే అయిపోతుంది, ఏమీ అనుకోకండి.

మన బ్రాడీపేటలో పెద్దవాళ్ల కోసం ఒక కేంద్రం వస్తోందంటే నిజంగా సంతోషం. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్ల పైచిలుకు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో, ఇక్కడ ఇంట్లో ఇద్దరు, కొన్ని ఇళ్లలో ఒక్కరే. కేంద్రంలో ఏమేం ఉండాలో చెప్పమంటే పేపర్లు, క్యారమ్స్, బీపీ చూసే నర్సు అని రాసుకొచ్చాను. ఇందాక ప్లాను చూశాక ఆ కాగితం జేబులో పెట్టేశాను. హాలు మేడ మీదట! కింద షాపులకు ఇస్తే అద్దెలొస్తాయట.

ఇదివరకు మనం పేపరు చదువుకునే గది కూడా మేడ మీదే ఉండేది, గుర్తుందా? మాకు లెక్కలు చెప్పిన మాస్టారు రోజూ సాయంత్రం వచ్చేవారు. మోకాళ్లు పట్టేశాక పైకి ఎక్కలేక కింద షాపు అరుగు మీద కూర్చునేవారు, ఎవరో ఒకరం పేపరు దించి ఇచ్చేవాళ్లం, చదివి మళ్లీ మా చేతికే జాగ్రత్తగా మడిచి ఇచ్చేవారు. తర్వాత షాపతను అరుగు నిండా సామాను పెట్టుకున్నాడు. ఆయన రావడం మానేశారు. మేం పైన చర్చలు పెట్టుకుంటూనే ఉన్నాం. ఆయన కోసమైనా గది కిందకి మార్చమని అడిగితే, ఒక్కరి కోసం కుదరదన్నారు. ఒక్కరా? ఎక్కలేనివాళ్లు అసలు రానే రారు కదండీ, ఎంతమందో ఎలా తెలుస్తుంది?

అందుకే అడుగుతున్నాను, కింది అంతస్తే కావాలి. ర్యాంపు కూడా ఊరికే గీస్తే కాదు, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి. అరుగు రెండడుగులైతే ఇరవై నాలుగు అడుగులు. ప్లానులో ఎనిమిదే ఉంది, అంత వాలులో చక్రాల కుర్చీ తోసేవాళ్లకే ప్రమాదం.

ఇంకొకటి, అమ్మలూ, మీరు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. ఆడవాళ్లకి విడిగా బాత్రూమ్, అందులో వెస్టర్న్ కమోడ్, పట్టుకోవడానికి గోడకి రాడ్, తడిసినా జారని నేల ఉండాలి. ఇది లేకపోతే సగం మంది గంట కూడా కూర్చోరు, బయటికెళ్లాలంటే మంచినీళ్లు తాగడమే మానేసేవాళ్లున్నారు మనలో.

గోడ మీద 14567 నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి, అది పెద్దవాళ్ల హెల్ప్‌లైన్. పిల్లలు చూడకపోతే పోషణ ఖర్చు కోసం ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చని 2007లోనే చట్టం వచ్చింది. ఇక్కడ కూర్చున్న ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి... చూశారా. వారానికొక పూట ఎవరైనా కూర్చుని ఆ దరఖాస్తు రాసిపెడితే చాలు.

ఇంజనీరు గారూ, ఆదివారం పొద్దున ఏడింటికి స్థలం దగ్గరికి వస్తారా? టేపు నేను తెస్తాను. కర్ర పట్టుకుని నడిచేవాళ్లు, మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు తప్పకుండా రండి, ఆటో ఖర్చు నేను పెట్టుకుంటాను. వాళ్లు నడిచి చూశాకే పునాది తవ్వుదాం.