గట్టుకి ఇటు జిరాయితీ, అటు డి-పట్టా

(శ్రీకాకుళంలో ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకీ, యువతకీ నమస్కారం.

పెట్టుబడిదారీ విధానమా, సోషలిజమా, ఏది ధర్మం అన్న విషయం మీద మాట్లాడమన్నారు. శ్రీకాకుళంలో ఈ మాటెత్తితే టీ రాకముందే సభ రెండుగా చీలుతుంది. అందుకని నేను పొలం గట్టు మీద నిలబడి మాట్లాడతాను. గట్టుకి ఇటు జిరాయితీ, అంటే పూర్తి హక్కున్న సొంత భూమి. అటు డి-పట్టా, అంటే అమ్మకూడదన్న షరతుతో సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూమి. మట్టి ఒకటే, పారే గెడ్డ ఒకటే. ఇటువైపు రైతు కూతురి పెళ్లికి అరెకరం అమ్ముకోగలడు. అటువైపు రైతు అమ్మితే, అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం కింద, దాన్ని 2023లో సవరించేదాకా, ఆ అమ్మకం చెల్లేది కాదు.

ఆస్తి పవిత్రం అనేవాళ్లని ముందు అడుగుతాను. ఆ పవిత్రత ఏనాటిది? 1802లో కంపెనీవారు శాశ్వత శిస్తు పెట్టి జమీందార్లకి సనదులిచ్చారు. చెమట రైతుది, కాగితం జమీందారుది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా అదే నడిచింది. ఆ మధ్యలో, 1940లో, మందస జమీందారీలో అడవి కట్టెల తగువు ముదిరి పోలీసు కాల్పుల్లో వీర గున్నమ్మ ప్రాణం పోయింది. శ్రమ కలిపినవాడిదే సొత్తు అని వాదించిన ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్, ఇతరులకీ సరిపడా మిగలాలని షరతు కూడా పెట్టాడు. ఆయన్ని ఉదహరించేవాళ్లు ఆ షరతు దగ్గరికొచ్చేసరికి ఎందుకో పేజీ తిప్పేస్తారు.

సరే, సర్కారు చేతిలో పెడితే న్యాయం జరిగిపోతుందా? డి-పట్టా వెనక ఆలోచన మంచిదే. పేదవాడు కష్టకాలంలో తెగనమ్ముకుంటాడు, షావుకారు పోగేసుకుంటాడు. ఈ భయం నిజమైనదే, కాదనను. కానీ అమ్మవద్దన్న సర్కారే రోడ్డుకో ఫ్యాక్టరీకో భూమి కావలసొస్తే, "షరతుల మీద ఇచ్చాం, వెనక్కి తీసుకుంటున్నాం" అనేది. జిరాయితీ రైతుకి చట్టప్రకారం నష్టపరిహారం, ఇతనికి ఎక్స్‌గ్రేషియా. అంటే ఒకరికి బాకీ తీర్చడం, ఇంకొకరికి బిచ్చం వెయ్యడం. ప్రజావసరానికి తీసుకున్నా డి-పట్టాదారుకి పూర్తి యజమానితో సమానంగా పరిహారం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది 2004లో. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి 57 ఏళ్లు.

అలాగని అమ్మకం మీద ఆంక్షలన్నీ ఎత్తేయమంటారా అని అడగొచ్చు. మొన్నమొన్నటిదాకా మన జిల్లాలోనే ఉన్న సీతంపేట కొండల్లో ఆ మాట అనలేం. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పాలు కాకూడదని 1959లో చేసిన నిబంధనని 1970లో బిగించారు. అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది. 1959కీ 1970కీ మధ్యలోనే మన కొండల్లో గిరిజన పోరాటం రగిలింది. ఆ బిగింపుకీ పోరాటానికీ సంబంధం లేదంటే నేను నమ్మను. తరవాత 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టెక్కింది. ఆ నిబంధన ప్రభుత్వానికీ వర్తిస్తుంది, ఏజెన్సీలో సర్కారు భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదు అంది.

ఇక్కడే నా వాదన ఉంది. రెండూ అమ్మకాన్ని ఆపిన చట్టాలే. సమత తీర్పుతో ఒకటి కొనేవాడి చేతులూ, సర్కారు చేతులూ కూడా కట్టింది. రెండోది, అంటే డి-పట్టా చట్టం, చాలాకాలం పేదవాడి చేతులొక్కటే కట్టింది. పేదల పేరు చెప్పి పెట్టే ఆంక్ష పెట్టినవాడినీ కట్టకపోతే, దానికి సోషలిజం అని పేరు పెట్టినా నేను న్యాయం అనను. 1978లో 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసినప్పుడు మనవాళ్లు చాలామంది అది భూస్వాముల నష్టమనుకున్నారు. కోర్టుకెళ్లే స్తోమత భూస్వామికి ఎలాగూ ఉంటుంది. హక్కు పలచబడితే అరెకరం వాడికే ఎక్కువ దెబ్బ.

ఇంత చెప్పినా ఒక మనిషిని వదిలేశాను. జిరాయితీ పొలమైనా, డి-పట్టా పొలమైనా, చాలాచోట్ల దున్నేది కౌలు రైతు. 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద అతనికి సాగు హక్కు కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోవాలి. లాక్ లెక్కన చూసినా, మార్క్స్ లెక్కన చూసినా ఆ పంటలో మొదటి వాటా అతనిదే. ఆ కార్డు కోసం యజమాని గుమ్మం ఎక్కినవాళ్లు ఈ సభలో ఉంటే, దయచేసి ముందుకొచ్చి మైకు అందుకోండి. నేను కూర్చుంటాను.