గుడ్డ గోడల బండి: బెజవాడ ఎండలో, ముసురులో, లంబసింగి చలిలో పాప్-అప్ క్యాంపర్

[దృశ్యం: విజయవాడ ఆటోనగర్‌లో ఒక బాడీ బిల్డింగ్ షెడ్డు. పికప్ బండి తొట్టిలో తెల్లటి పెట్టె. ఒక వ్యక్తి లోపలికి వెళ్లి కప్పును రెండు చేతులతో పైకి నెడతారు. బూడిద రంగు గుడ్డ విచ్చుకుంటుంది.]

వ్యాఖ్యానం: మీరు చూస్తున్న ఈ పెట్టెను పాప్-అప్ ట్రక్ క్యాంపర్ అంటారు. ఇది పికప్ వెనక తొట్టిలో సరుకులాగే కూర్చుంటుంది. ప్రయాణంలో కప్పు కిందికి దిగి ఉంటుంది కనుక గాలి తాకిడి తక్కువగా ఉంటుంది, మలుపుల్లో బండి పక్కకు అంతగా తూలదు. మజిలీ చేరాక కప్పును సుమారు రెండడుగులు పైకి లేపితే లోపల మనిషి నిటారుగా నిలబడవచ్చు. అయితే అలా లేచిన మేర గోడ రేకుతో చేసినది కాదు, గుడ్డతో చేసినది. అమెరికాలో ఫోర్ వీల్ క్యాంపర్స్ అనే సంస్థ 1972 నుంచి ఇటువంటివి తయారుచేస్తోంది. అక్కడివారు చెప్పే జాగ్రత్తలు ఎక్కువగా మంచును, గడ్డకట్టే పైపులను ఉద్దేశించినవి. కృష్ణ ఒడ్డున ఉండే మనకు మంచుతో పని లేదు. ఇక్కడ ఆ రెండడుగుల గుడ్డను పరీక్షించేవి ఉక్కపోత, ముసురు, దోమలు. ఏ పెట్టె కొనాలి, ఎలా కట్టించుకోవాలి అన్నది ఆ గుడ్డను దృష్టిలో పెట్టుకొని నిర్ణయించుకోవాలన్నది నా అభిప్రాయం.

[దృశ్యం: గుంటూరు మిర్చి యార్డు దారిలో ఒక కాటా. మిర్చి టిక్కీల (బస్తాల) లారీ వెనుక వరుసలో క్యాంపర్ బండి.]

గుడ్డ కన్నా ముందు బరువు సంగతి తేల్చుకోవాలి. బండి ఆర్సీలో ఖాళీ బరువు, మొత్తం అనుమతించిన బరువు రెండూ ఉంటాయి. ఆ రెంటి మధ్య తేడాయే మీ బండి మోయగలిగినది. మనుషులు, నీళ్లు, వంటసామాను, పెట్టె అన్నీ అందులోనే ఇమడాలి. పెట్టె అమ్మేవారు చెప్పే బరువు ఖాళీ పెట్టెది మాత్రమే. నా పెట్టె ఖాళీగా 350 కిలోలు తూగింది. నలభై లీటర్ల నీళ్లంటే నలభై కిలోలు. బ్యాటరీ, సోలార్ పలక, ఫ్రిజ్, సిలిండర్, పరుపు, కుర్చీలు, పనిముట్లు, ఇద్దరు మనుషులు చేరేసరికి కాటా చీటీ మీద ఆరువందలు దాటింది. కనుక మిర్చి లోడు లారీకి చేసినట్టే, ప్రయాణానికి సిద్ధమైన బండిని ఒకసారి కాటా వేయించండి. చేతిలో చీటీ ఉంటే అనుమానానికి తావుండదు.

మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్, 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్ చూడముచ్చటైన బండ్లు. కానీ అవి నలుగురైదుగురు కూర్చోవడానికి చేసిన డబుల్ క్యాబ్ బండ్లు కనుక తొట్టి ఐదడుగుల దగ్గరే ఆగిపోతుంది, మోసే బరువులోనూ పరిమితి ఉంటుంది. వాటికి పెట్టె కట్టించదలచినవారు ముందుగా ఆర్సీ లెక్క తీసి, ఆ తరువాతే బయానా ఇవ్వాలి. సరుకు రవాణాకు చేసిన మహీంద్రా బొలెరో పికప్‌కు బరువు సమస్య రాదు, 1.3 టన్నులు, 1.7 టన్నులు అని పేరులోనే ఉంటుంది. దాని ఇబ్బంది వేరు. టన్నుకు పైగా మోయడానికి వేసిన కమాన్ కట్టల (చక్రాల పైనుండే పట్టీల స్ప్రింగుల) మీద ఆరువందల కిలోలు పెడితే, ప్రతి గుంతా మీ నడుముకు తెలుస్తుంది. అయినా ఈ రెండు కష్టాల్లో నేను నడుము నొప్పినే ఎంచుకుంటాను, ఎందుకంటే అధిక బరువుతో బ్రేకు పట్టని బండి మనల్నే కాక ఎదుటివారిని కూడా ప్రమాదంలో పడేస్తుంది.

పెట్టె గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించే చోటు, వెనక ఇరుసుకు కొంచెం ముందుగా పడాలి. నీళ్ల ట్యాంకును, బ్యాటరీని పెట్టె చివర తలుపు దగ్గర పెట్టించుకుంటే బండి ముందు భాగం తేలికై, స్టీరింగు చేతికి పట్టు ఇవ్వదు. ఈ విషయం షెడ్డులో పనివారికి మొదటి రోజే చెప్పండి, ఎందుకంటే చట్రం వెల్డింగ్ అయ్యాక ట్యాంకును జరపడం కుదరదు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ బండి రూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని అనుమతించదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట స్పష్టం చేసింది. పెట్టెను బండికి శాశ్వతంగా వెల్డింగ్ చేయించకండి. డబ్బు కట్టే ముందే డ్రాయింగుతో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అడగండి. బండి నడుస్తున్నంతసేపు పెట్టెలో ఎవరూ ఉండకూడదు.

[దృశ్యం: రెండు గుడ్డ ముక్కలు బల్ల మీద. ఒకదాని మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి, రెండోది నెమ్మదిగా తడుస్తుంది.]

ఇక గుడ్డ. ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి పీవీసీ పూత ఉన్న పాలిస్టర్. నీటిని లోపలికి రానివ్వదు, త్వరగా ఆరుతుంది, కానీ గాలిని అసలు ఆడనివ్వదు. రెండోది మందపాటి నూలు కాన్వాసు; అది గాలి పీలుస్తుంది, లోపల చెమ్మ తక్కువగా కడుతుంది, కానీ తడిస్తే బరువెక్కి, ఆరడానికి ఒక పూటంతా ఎండ అడుగుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలోనే తేమ ఉండే కోస్తాలో రోజంతా ఆరని గుడ్డను భరించలేం. అందుకే నేను పీవీసీ పూతనే తీసుకున్నాను, కానీ మూడు వైపులా పెద్ద కిటికీలు, వాటికి సన్నటి దోమతెర, పైన వానకు అడ్డుపడే రెక్క కుట్టించాను. విజయవాడ దోమల గురించి విజయవాడవారికి చెప్పనవసరం లేదు. తెర కుట్టు అంచున వేలు దూరేంత సందు ఉన్నా తెర లేనట్టే.

రోహిణి కార్తెలో ఈ బండిలో పగలు ఉండడం సాధ్యం కాదు. ఏసీ పెట్టుకుందామంటే లెక్క కుదరదు. 12.8 వోల్టుల, వంద ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో సుమారు 1,280 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ఒక టన్ను ఏసీ దాదాపు వెయ్యి వాట్లు లాగుతుంది కనుక గంటకు కాస్త అటూఇటుగా మాత్రమే నడుస్తుంది, ఆ చల్లదనం కూడా పలచటి గుడ్డ గుండా బయటికి పోతుంది. అదే బ్యాటరీ మీద ఇరవై ముప్పై వాట్ల 12 వోల్టుల ఫ్యాను రాత్రంతా తిరిగినా సగానికి పైగా మిగులుతుంది. కప్పులో ఒక ఫ్యానును గాలిని బయటికి నెట్టేలా అమర్చి, నీడ వైపు కిటికీ తెరిస్తే లోపలి వేడి పైనుంచి పోతుంది. గుడ్డకు ఉన్న గొప్ప లాభం ఇక్కడే కనిపిస్తుంది: రేకు బండి అర్ధరాత్రి దాకా పొయ్యిలా ఉంటే, గుడ్డ పొద్దుగూకిన గంటలోనే చల్లబడుతుంది. కప్పుకు మాత్రం తెల్ల రంగు, లోపల ఫోమ్ పలక తప్పనిసరి. చెట్టు నీడన ఆపితే సోలార్ పలకకు ఎండ తగలదన్న చిక్కు ఉంది కనుక, కప్పు మీద బిగించేదానికి బదులు పొడవైన తీగతో ఎండలోకి జరుపుకొనే పలక తీసుకోండి. కప్పు లేపేటప్పుడు చేతులకు ఆ బరువు కూడా తగ్గుతుంది.

[దృశ్యం: వాన. మూసిన కప్పు అంచు నుంచి నీరు. తరువాత లోపలి మడతల్లో నల్లటి చుక్కలు.]

ఈ నల్లటి చుక్కలు నా సొంత నిర్వాకం. ఆగస్టులో ముసురు పట్టిన ఒక ఉదయం, తడి గుడ్డను అలాగే మడిచి కప్పు దించి ఇంటికి వచ్చాను. నాలుగు రోజుల తరువాత తెరిచేసరికి మడతమడతకూ బూజు. వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిస్తే వాసన పోయింది కానీ మచ్చలు ఉండిపోయాయి. తడిగా మూయక తప్పనప్పుడు మరుసటి రోజుకల్లా తెరిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాలి. ఎండ లేదని వాయిదా వేస్తే బూజు ఆగదు.

వానలో కప్పు మీద నీళ్లు నిలవకుండా ఒక చక్రం కింద చెక్క పెట్టి బండిని ఒక పక్కకు కొద్దిగా వాల్చండి. కారే చోటు సాధారణంగా గుడ్డ కాదు, కుట్టు. ఏటా జూన్‌కు ముందే కుట్ల మీద సీలర్ పూయండి. గాలివానలో బండి ముక్కును గాలికి ఎదురుగా తిప్పితే గుడ్డ మీద తాకిడి తగ్గుతుంది; అప్పటికీ గుడ్డ కొట్టుకుంటుంటే కప్పు దించి కిందనే పడుకోవాలి. వాయుగుండం హెచ్చరిక ఉన్నప్పుడు ప్రయాణమే మానుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నగరంలో బండ్లెన్ని మునిగాయో చూసినవారికి, పల్లంలో బండి ఆపకూడదని వేరే చెప్పనక్కరలేదు. బండిని పారే నీటిలోకి దింపకండి.

చలి మనకు ఇంట్లో రాదు, వెతుక్కుంటూ వెళ్లాలి. లంబసింగిలో శీతాకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా వస్తుంది. అక్కడ ఇబ్బంది పెట్టేది చలికన్నా చెమ్మే. ఇద్దరు నిద్రపోతే రాత్రంతా ఊపిరి ద్వారా, చర్మం ద్వారా అర లీటరు దాకా నీరు గాలిలోకి చేరుతుంది. అది చల్లటి పీవీసీ గుడ్డ లోపలివైపు బిందువులుగా మారి పరుపు మీద రాలుతుంది. చలివేసినా ఒక కిటికీ నాలుగు వేళ్ల మేర, కప్పు వెంటు కొద్దిగా తెరిచే ఉంచాలి. గుడ్డ లోపలివైపు రెండో పొరగా పలచటి దుప్పటి లాంటి తెర కట్టుకుంటే బిందువులు తగ్గుతాయి.

ఎట్టి పరిస్థితిలోనూ కుంపటి లోపలికి తేవద్దు. చలిమంట ఆరిపోయిందనుకున్న నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. హీటరు కావాలంటే పొగగొట్టం బయటికి పోయే డీజిల్ హీటరే వాడాలి, దానితో పాటు కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా కొనాలి. వంట గ్యాసు గాలికన్నా బరువైనది కనుక కారితే నేల మీద పేరుకుంటుంది. సిలిండరు పెట్టే గూటికి అడుగు భాగంలో బయటికి రంధ్రం ఉండాలి. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జి చేస్తే పాడవుతుంది; దానిని పడక కింద ఉంచి, ఎండ ఎక్కాకే సోలార్ పలక తగిలించండి.

[దృశ్యం: సూర్యలంక తీరం, సాయంత్రం. గుడ్డ కిటికీలోంచి సముద్రం.]

కొత్త పెట్టెతో మొదటి రాత్రికి దూరం వెళ్లకండి. గుంటూరు నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక ఒక పూట ప్రయాణం. కప్పు ఎంత బరువుగా లేస్తోంది, మూసేటప్పుడు గుడ్డ గొళ్లెంలో ఎక్కడ ఇరుక్కుంటోంది, ఫ్యాను చప్పుడుకు నిద్ర పడుతోందా, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. ఉప్పుగాలికి గొళ్లేలు తుప్పు పడతాయి కనుక ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, కప్పు పూర్తిగా పైకి లేపి, గుడ్డ మడతలు చేతికి పొడిగా తగిలేదాకా అలాగే ఉంచండి.