తెర ముందా, టేబుల్ ముందా: పోకర్ టోర్నమెంట్ ఎంపికపై ఒక సంభాషణ

వ్యాఖ్యాత: నమస్కారం. చాలా ఏళ్లుగా ఆన్‌లైన్‌లోనూ, లైవ్‌లోనూ, అంటే నేరుగా టేబుల్ ముందు కూర్చునీ, పోకర్ టోర్నమెంట్లు ఆడుతున్న మిత్రులు ఈ రోజు మనతో ఉన్నారు. శ్రోతలు తరచుగా అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆటకని కొంత డబ్బు పక్కన పెట్టుకున్న మనిషి ఈ రెండింటిలో దేనిని ఎంచుకోవాలి?

అతిథి: నమస్కారమండి. ముందుగా తాను ఉన్న చోట చట్టం దేనిని అనుమతిస్తుందో తెలుసుకోవాలి, కాదన్నదాని జోలికి వెళ్లకూడదు. రెండూ ఆడే వీలున్నవారు మాత్రం ప్రవేశ రుసుము ఎంత, మొదటి బహుమతి ఎంత అని చూడకముందే, బ్లైండ్లు (ముక్కలు చూడకముందే వంతులవారీగా పెట్టి తీరాల్సిన పందేలు) ఒకసారి పెరిగి మళ్లీ పెరిగేలోపు తమకు ఎన్ని హ్యాండ్లు (ముక్కలు పంచి ముగించే ఒక్కో ఆట) వస్తాయో లెక్క వేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఈ లెక్క తెలియక నేను కొన్నేళ్లపాటు డబ్బు పోగొట్టుకున్నాను.

వ్యాఖ్యాత: లైవ్‌లో ఆట నిదానంగా సాగుతుంది కాబట్టి ఆలోచించుకోవడానికి వ్యవధి ఎక్కువ దొరుకుతుందని అందరూ అనుకుంటారు కదా?

అతిథి: అక్కడే పొరబడతారు. డీలర్ ముక్కలు కలిపి పంచి, పందేలు ముగిసి, పందెపు బిళ్లలైన చిప్స్ గెలిచినవారి వైపు జరిగేసరికి లైవ్‌లో గంటకు సుమారు 25 నుంచి 30 హ్యాండ్లే అవుతాయి. ఆన్‌లైన్‌లో ఒక్క టేబుల్ మీదే 60, 70 దాకా నడుస్తాయి. ఇప్పుడు ఒక లైవ్ టోర్నమెంట్‌లో లెవెల్, అంటే బ్లైండ్లు పెరగకుండా ఉండే వ్యవధి, 20 నిమిషాలు అనుకోండి. ఆ వ్యవధిలో మీకు వచ్చేవి ఎనిమిది నుంచి పది హ్యాండ్లు. తొమ్మిది మంది కూర్చున్న టేబుల్‌లో అది దాదాపు ఒక్క చుట్టు. ఆన్‌లైన్‌లో పది నిమిషాల లెవెల్ ఉంటే దానిని అందరూ వేగమైన ఆట అంటారు కానీ, అందులోనూ పది, పన్నెండు హ్యాండ్లు వస్తాయి. అంటే నిదానంగా కనిపించే లైవ్ టోర్నమెంటే తక్కువ హ్యాండ్లకే బ్లైండ్లు పెంచి మిమ్మల్ని ముందుగా ఇరకాటంలో పెడుతుంది. పోకర్‌లో పేరున్న పోటీల వరుస వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్. దాని ప్రధాన టోర్నమెంట్ అయిన మెయిన్ ఈవెంట్‌లో ఒక్కో లెవెల్ రెండు గంటలు నడుస్తుంది. దానిని లోతైన ఆట అనడానికి కారణం అదే. లైవ్ టోర్నమెంట్లన్నీ అలాగే ఉంటాయనుకుంటే నష్టపోతాం.

వ్యాఖ్యాత: అయినా మనిషి ముఖం కనిపించని చోట ఆడేది పోకరే కాదనే వాదన ఒకటి ఉంది.

అతిథి: ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ ముఖం కన్నా ముందు చదవవలసినవి ఉన్నాయి. ఎవరు పందెం వరుసలో ఏ స్థానం నుంచి పందెం కాశారు, ఎంత కాశారు, ఎంతసేపు ఆలోచించారు అనేవి తెర మీద కూడా స్పష్టంగా కనిపిస్తాయి. నార్వేకు చెందిన ఆనెట్ ఓబ్రెస్టాడ్ 180 మంది ఆడిన ఒక ఆన్‌లైన్ టోర్నమెంట్‌ను తన ముక్కలను ఒక్కసారి మాత్రమే చూసి గెలిచారు. మిగతా ఆటంతా స్థానాన్ని, ఎదుటివారి పందేలను బట్టే ఆడారు. ఆమే 2007లో, ఇంకా 19 ఏళ్లు నిండకముందే, లండన్‌లో లైవ్‌గా జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ యూరప్ మెయిన్ ఈవెంట్‌ను గెలుచుకున్నారు. ఆన్‌లైన్‌లో ఆరితేరినవారు టేబుల్ ముందు తేలిపోతారనే అభిప్రాయాన్ని నేను అంగీకరించకపోవడానికి ఆమె ఒక కారణం.

వ్యాఖ్యాత: అయితే ఆన్‌లైన్ ఆటగాడికి లైవ్‌లో ఇబ్బందులే ఉండవంటారా?

అతిథి: ఉంటాయండి, నేను స్వయంగా పడ్డాను. నా మొదటి లైవ్ టోర్నమెంట్‌లో బ్లైండ్లు 100, 200 ఉండగా నాకు రెండు రాణులు వచ్చాయి. ముక్కల అంచులు ఎత్తి చూసేటప్పుడే వేళ్లు సన్నగా వణికాయి. ఏమీ మాట్లాడకుండా 1,000 విలువైన చిప్ ఒక్కటి తీసి ముందుకు పెట్టాను. 600కి పెంచుదామని నా ఉద్దేశం, మిగిలినది డీలర్ తిరిగి ఇస్తారనుకున్నాను. డీలర్ ‘కాల్’ (ఉన్న పందేనికి సమానంగా పెట్టడం) అని ప్రకటించి 800 వెనక్కి ఇచ్చారు. నోటితో ‘రెయిజ్’ (పెంచుతున్నాను) అనకుండా ఒకే పెద్ద చిప్ పెడితే అది కాల్ కిందే లెక్క అని ఆ రోజే తెలిసింది. నా వెనుక ముగ్గురు తక్కువ ఖర్చుతో ఆటలోకి వచ్చారు, టేబుల్ మీద అందరికీ ఉమ్మడి ముక్కగా రాణి కన్నా పెద్దదైన ఆసు పడింది, ఆ హ్యాండ్‌లో నా చిప్స్‌లో మూడో వంతు పోయాయి. తెర మీద బటన్ నొక్కితే సరిపోయే పనిని, టేబుల్ ముందు చేతితోనూ నోటితోనూ సరైన వరుసలో చేయాలి. తప్పు డీలర్‌ది కాదు, నియమాలు చదవకుండా కూర్చున్నది నేను.

వ్యాఖ్యాత: ఖర్చు విషయానికి వద్దాం.

అతిథి: చిన్న టోర్నమెంట్లలో నిర్వాహకుల రుసుము శాతం ఆన్‌లైన్ కంటే లైవ్‌లోనే సాధారణంగా ఎక్కువ. ప్రయాణం, బస, డీలర్లకిచ్చే టిప్పు దీనికి అదనం. అయితే లైవ్‌లో కొత్తగా నేర్చుకుంటున్నవారు ఎక్కువగా కూర్చుంటారు కాబట్టి, ప్రవేశ రుసుము సమానమైన ఆన్‌లైన్ ఆటతో పోలిస్తే పోటీ తేలికగా ఉంటుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకొకటి ఉంది. టోర్నమెంట్‌లో బహుమతులు దక్కేది సుమారు పది నుంచి పదిహేను శాతం మందికే, అందులోనూ పెద్ద మొత్తం చివరి కొద్దిమందికే పోతుంది. నెలకు మూడు లైవ్ టోర్నమెంట్లు ఆడే మనిషి ఏడాదికి 36 ఆడతాడు. ఆ 36లో ఒక్కటీ గెలవకపోయినా అతను బాగా ఆడుతున్నవాడే కావచ్చు, ఒకటి గెలిచినా అదృష్టమే కావచ్చు. ఆన్‌లైన్‌లో చిన్న రుసుములతో అన్ని ఆటలు కొద్ది వారాల్లోనే పూర్తవుతాయి, పైగా ఆడిన ప్రతి హ్యాండ్ నమోదై ఉంటుంది కనుక మరునాడు తీరికగా తప్పులు వెతుక్కోవచ్చు.

వ్యాఖ్యాత: మోసాల భయం మాటేమిటి?

అతిథి: రెండు చోట్లా ఉంది. ఆన్‌లైన్‌లో మనిషికి బదులు ఆడే ప్రోగ్రాములైన బాట్లు, ఆట మధ్యలో సాఫ్ట్‌వేర్ సాయం తీసుకోవడం, లైవ్‌లో ఇద్దరు కుమ్మక్కవడం. నేను అంతకన్నా ఎక్కువగా భయపడేది ఓడిన మరుక్షణం తెర మీద కనిపించే తర్వాతి టోర్నమెంట్‌కు. లైవ్‌లో ఓడితే లేచి బయటికి నడవాలి, ఆ నడకలో కోపం కొంత చల్లారుతుంది. ఆన్‌లైన్‌లో ఆ విరామం ఉండదు. అందుకే నేను కూర్చోకముందే ఆ రోజు ఆడబోయే టోర్నమెంట్ల సంఖ్యను కాగితం మీద రాసుకుంటాను.

వ్యాఖ్యాత: చివరిగా, పెద్ద లైవ్ టోర్నమెంట్ ఒక్కటైనా ఆడాలని కోరుకునేవారికి మీ సలహా?

అతిథి: శాటిలైట్ ద్వారా, అంటే పెద్ద టోర్నమెంట్‌లో చోటునే బహుమతిగా ఇచ్చే చిన్న టోర్నమెంట్ ద్వారా వెళ్లమంటాను. అమెరికా ఆటగాడు క్రిస్ మనీమేకర్ 86 డాలర్ల ఆన్‌లైన్ శాటిలైట్‌తో మొదలుపెట్టి, 10,000 డాలర్ల ప్రవేశ రుసుము గల 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో చోటు సంపాదించి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గెలిచారు. అంత అదృష్టం అందరికీ పట్టదు. నేను సూచించేది ఆ దారిని మాత్రమే, అదీ పోయినా బాధ లేని మొత్తంతో. శాటిలైట్‌లో చోటు దక్కితే, బయలుదేరే ముందు నిర్వాహకుల దగ్గర లెవెల్ ఎన్ని నిమిషాలు, మొదట ఎన్ని చిప్స్ ఇస్తారు అని రాసి ఉన్న పట్టిక అడిగి తీసుకోవాలి, దానితోపాటు టేబుల్ నియమాలు కూడా చదువుకోవాలి.