ఘాట్ దిగుతూ తీసిన ఫొటో

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి మేడ మీది గది నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ నా ఎదురుగా కూర్చున్నది మా బావగారు. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు, అంతకన్నా ఎక్కువ కాలంగా కార్ల పిచ్చి ఉన్న మనిషి. నాకున్నది కంప్యూటర్లు విడిభాగాలతో అమర్చుకునే పిచ్చి. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడిన ఊళ్లో కూర్చుని మేమిద్దరం ఇలా పుస్తకంలా మాట్లాడటం ఆయనకు నచ్చేది కాదేమో కానీ, మైకు చూడగానే బావగారికి తరగతి గది గుర్తుకొస్తుంది, నేనేమో ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణి.

బావగారు: పంతులుగారు క్షమిస్తారులే. విషయానికి రా.

వ్యాఖ్యాత: విషయం ఇది. కార్ల మీద ఇష్టమున్నవాళ్లు, కంప్యూటర్ల మీద ఇష్టమున్నవాళ్లు ఆన్‌లైన్ బృందాల్లో గొప్పలు ఎలా చెప్పుకుంటారు? మీ ఫోన్‌లోని కార్ల గుంపు నేను చూశాను, నా గుంపులో జరిగేది మీరు చూశారు. ఈ రెండూ ఒకే తల్లి పిల్లలని నా అనుమానం.

బావగారు: అనుమానమేమీ అక్కర్లేదు. మొన్న మా గుంపులో ఒక కుర్రవాడు తన కారు డ్యాష్‌బోర్డు మీది తెర ఫొటో పెట్టాడు. లీటరుకు 31 కిలోమీటర్లని అందులో కనిపిస్తోంది. కింద ఇంకేమీ రాయలేదు, ఒక నవ్వు బొమ్మ మాత్రం పెట్టాడు. మెచ్చుకోళ్లు వరదలా వచ్చిపడ్డాయి. అప్పుడు విజయనగరం పెద్దాయన ఒకరు, "నాయనా, ఈ ఫొటో ఎక్కడ తీశావు?" అని ఒక్క ప్రశ్న అడిగారు. కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. ఫొటోలో కిటికీ అవతల లోయ కనిపిస్తోంది. కోరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరుకు దిగే 26వ నంబరు జాతీయ రహదారి అది.

వ్యాఖ్యాత: అంటే మైలేజీ ఇచ్చింది కారు కాదు, కొండ.

బావగారు: లెక్క చెబుతాను, విను. కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, సాలూరు ఘాట్ కింద ఉంది. ఒక టన్ను బరువున్న కారు 700 మీటర్లు దిగితే, గురుత్వాకర్షణ దానికి ఇచ్చే శక్తి సుమారు 69 లక్షల జౌళ్లు. లీటరు పెట్రోలులో 3 కోట్ల 20 లక్షల జౌళ్ల దాకా ఉన్నా, ఇంజిన్ అందులో పావు వంతు కన్నా పెద్దగా చక్రాలకు చేర్చలేదు. ఆ లెక్కన కొండ అతనికి ముప్పావు లీటరుకు పైగా పెట్రోలు ఉచితంగా పోసింది, అందులో కొంత బ్రేకుల వేడిలో పోయిందనుకో. పైగా ఇప్పటి ఇంజిన్లలో గేరు వేసి ఉండగా యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు తెర మీద ఎంత పెద్ద సంఖ్య అయినా కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: అది అబద్ధమనడానికి మాత్రం లేదు. తెర మీద ఆ సంఖ్య నిజంగానే ఉంది.

బావగారు: అక్కడే ఉంది కిటుకు. ఈ గుంపుల్లో పచ్చి అబద్ధం చెప్పేవాడు అరుదు, ఎందుకంటే వెంటనే దొరికిపోతాడు. సంఖ్యను చూపించి, ఆ సంఖ్య ఏ పరిస్థితిలో వచ్చిందో చెప్పకపోవడమే మా బడాయి. సరైన మైలేజీ కావాలంటే ట్యాంకు నిండా పోయించి, పంపు దానంతటది ఆగినచోట వదిలేసి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అదే బంకులో అదే విధంగా నింపించి, పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించాలి. ఇలా ఏడాది పొడవునా పుస్తకంలో రాసుకున్నవాడు లీటరుకు 17 వచ్చిందని చెప్పినా మా వాళ్లు లేచి నిలబడతారు. 31 చూపించిన కుర్రవాడికి ఆ మర్యాద దక్కలేదు.

వ్యాఖ్యాత: మా వైపు కూడా అచ్చం ఇదే జరుగుతుంది, మీ కొండకు బదులు మాకు చలికాలం ఉంటుంది. కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే ప్రాసెసర్‌ను పూర్తి పనిలో పెట్టి, వేడి ఎంతకు చేరిందో ఫొటో తీసి పెడతాం. డిసెంబరు రాత్రి కోరాపుట్‌లో కిటికీ తెరిచి, గదిలో 12 డిగ్రీలు ఉన్నప్పుడు నా స్నేహితుడి యంత్రం 62 డిగ్రీల దగ్గర నిలిచింది. అదే యంత్రాన్ని మే నెలలో బరంపురంలో ఏసీ లేని గదిలో పెడితే 85 దాటుతుంది. ప్రాసెసర్ మీద బిగించే కూలర్ చేసే పని దాని వేడిని గదిలోకి తోసెయ్యడమే కనుక, గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది.

బావగారు: కనుక గది వేడి చెప్పనివాడి సంఖ్యకు విలువ లేదు.

వ్యాఖ్యాత: అనుభవమున్నవాళ్లు మొదట అడిగేది అదే. వేగం విషయంలో ఇది ఇంకా దూరం పోయింది. 2022 డిసెంబరులో ఇంటెల్ కోర్ ఐ9-13900కే ప్రాసెసర్‌ను 9 గిగాహెర్ట్జ్ దాటించి ప్రపంచ రికార్డు పెట్టారు. అందుకు వాడింది ద్రవ హీలియం, అంటే సున్నాకు 269 డిగ్రీలు కింద. రికార్డు నమోదుకు ఆ వేగం ఒక్క క్షణం నిలబడి, సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం దాన్ని చదివితే చాలు. ఆ యంత్రం మీద ఎవరూ సినిమా చూడరు, ఆట ఆడరు. అయినా నేను దాన్ని బడాయి అనను. ఎందుకంటే ఏం పోశారో, ఎంత చలిలో చేశారో అంతా బయటికి చెబుతారు. మా గుంపులో కిటికీ తెరిచిన సంగతి దాచినవాడి కన్నా వాళ్లు నిజాయతీపరులు.

బావగారు: మా దగ్గర దీనికి జోడీ గుర్రపు శక్తి. ఇంజిన్ శక్తి పెంచే ట్యూనింగ్ చేయించుకుని వచ్చినవాడు 150 బీహెచ్‌పీ, అంటే 150 గుర్రాల శక్తి అంటాడు. వెంటనే, "చక్రం దగ్గరా, ఇంజిన్ దగ్గరా?" అని ప్రశ్న. ఇంజిన్‌లో పుట్టిన శక్తిలో కొంత గేరుబాక్సులో, ఇరుసుల్లో పోతుంది కాబట్టి, డైనో అనే యంత్రం మీద చక్రాలు తిప్పి కొలిస్తే సంఖ్య తక్కువగా వస్తుంది. మన జిల్లాలో అలాంటి యంత్రాన్ని నేను చూడలేదు. కనుక ఇక్కడివాళ్లు చెప్పే గుర్రాలు చాలావరకు ట్యూనింగ్ చేసినవాడు నోటితో చెప్పిన గుర్రాలే.

వ్యాఖ్యాత: ఒకప్పుడు గొప్ప వేరుగా ఉండేదని నాకనిపిస్తుంది, బావగారూ. 1998లో ఇంటెల్ సెలరాన్ 300ఏ అని చవక ప్రాసెసర్ వచ్చింది. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. భాగాలన్నీ అమరే మదర్‌బోర్డు పలక మీద ప్రాసెసర్‌కు సమాచారం వచ్చిపోయే దారిని బస్సు అంటారు. 66 మెగాహెర్ట్జ్ ఉన్న ఆ బస్సు వేగాన్ని లోపల నాలుగున్నర రెట్లు చేసుకుని ప్రాసెసర్ 300కు చేరేది. మదర్‌బోర్డులో బస్సును 100కు మారిస్తే అదే నాలుగున్నర రెట్లతో 450 అయ్యేది, చాలా ప్రాసెసర్లు ఏ ఇబ్బందీ లేకుండా అలాగే నడిచేవి. చాలా ఎక్కువ ధర పెట్టి కొనే 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2కు అది దాదాపు సమానంగా నిలబడేది. తక్కువ డబ్బుతో పెద్దవాళ్ల పక్కన నిలబడ్డామన్నదే అప్పటి గొప్ప. ఇప్పుడు ఎక్కువ డబ్బు పెట్టినవాడి గొప్పే ఎక్కువగా కనిపిస్తోంది.

బావగారు: ఆ దీపాల సంగతి చెప్పు. నీ గదిలోకి వస్తే సంబరాల్లో రికార్డింగ్ డ్యాన్సు వేదిక ఎక్కినట్టు ఉంటుంది.

వ్యాఖ్యాత: ఆర్‌జీబీ దీపాలు. పక్కన అద్దపు తలుపు, లోపల రంగులు మారే ఫ్యాన్లు. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు చాలక పాతదే ఉంచి, దీపాలకు మాత్రం వేలు పోసినవాళ్లున్నారు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. ఆ జాబితాలో మొదట్లో నేనూ ఉన్నాను, కాదనను. నా మొదటి యంత్రం అద్దం వైపు ఫొటో పెట్టినప్పుడు ఒకాయన, "చాలా బాగుంది, రెండో వైపు తలుపు కూడా తీసి చూపించండి" అని అడిగారు. ఆ వైపు ఇనుప రేకు తలుపు. దాని వెనక పవర్ సప్లై నుంచి వచ్చే 24 పిన్నుల లావు కేబులు, ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబులు, ఫ్యాన్ల తీగలు, దీపాల తీగలు అన్నీ కలిపి కుక్కేశాను. మోకాలితో నొక్కితే తప్ప తలుపు మూసుకునేది కాదు.

బావగారు: పైన పటారం, లోన లొటారం.

వ్యాఖ్యాత: సరిగ్గా. ఆ రాత్రి కూర్చుని అన్నీ ఊడదీశాను. ఒక్కొక్క తీగనూ మదర్‌బోర్డు పలక వెనక కాలువలోంచి లాగి, ప్లాస్టిక్ ట్యాగులతో కట్టి, ట్యాగుల తోకలు గోళ్లు కత్తిరించే కత్తెరతో తెగ్గోశాను. తెల్లవారుజామున నాలుగయింది. ఆ వెనక వైపు ఫొటో పెట్టాను. దీపాల ఫొటోకు వచ్చిన మెచ్చుకోళ్లలో పదో వంతు కూడా దానికి రాలేదు. మెచ్చుకున్నది పదిమందే. కానీ ఆ పదిమందీ ఎవరంటే, అంతకుముందు నాతో ఒక్క మాట కూడా మాట్లాడని పెద్దవాళ్లు. ఆ పదింటి కోసమే ఇప్పటికీ రాస్తున్నాను.

బావగారు: బయటివాడికి కనిపించే గొప్ప వేరు, లోపలివాడు చదవగలిగే గొప్ప వేరు. రాయగడలో నాకు తెలిసినాయన ఒకరున్నారు. కొత్త కారు కొని మజ్జిగౌరమ్మ గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలతో ఫొటో తీయించుకున్నారు. అదే ఫొటోను మూడు చోట్ల పెట్టారు. బంధువుల తెలుగు గుంపులో "అమ్మవారి దయ" అని రాశారు. భువనేశ్వర్ స్నేహితుల ఒడియా గుంపులో ధర రాశారు. దేశం మొత్తం మీది ఇంగ్లిషు గుంపులో మాత్రం టైరు సైజు, ఏ ఇంజిన్, ఎన్ని వారాలు వేచి ఉన్నారు, ఇవి రాశారు. మన సరిహద్దు బతుకులో ఉన్న సౌకర్యం చూడు, ఒక్క కారుకు మూడు గొప్పలు.

వ్యాఖ్యాత: నంబరు ప్లేటు కనిపించకుండా చేశారా?

బావగారు: చివరి నాలుగు అంకెలు మసక చేశారు, ఓడీ 18 మాత్రం స్పష్టంగా ఉంచారు. రాయగడ బండి అని తెలియాలి కదా. మన గజపతి జిల్లావాళ్లు ఓడీ 20ని అలాగే వదిలేస్తారు. ఆంధ్ర గుంపుల్లో అది చూసి "ఒడిశా నుంచి తెలుగువారా!" అని పలకరిస్తారు, పలకరింపుతో పాటు మెచ్చుకోలు కూడా వస్తుంది.

వ్యాఖ్యాత: సైలెన్సర్లు మార్చినవాళ్లు, అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించినవాళ్లు కూడా ఫొటోలు పెడతారు కదా.

బావగారు: వాళ్లను చూస్తే నాకు జాలి. అద్దాలకు నల్ల ఫిల్ము వద్దని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. తయారీదారు ఇచ్చిన మూల నిర్మాణాన్ని మార్చకూడదని 2019 జనవరిలో చెప్పింది. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ మార్పు శబ్దంతో సహా వీడియో తీసి, ఊరి పేరు రాసి పెట్టేవాడు పోలీసులకు సాక్ష్యం వెతుక్కునే శ్రమ తగ్గిస్తున్నాడు. కంప్యూటర్ వాళ్లకు ఆ భయం లేదు, మహా అయితే వారంటీ పోతుంది.

వ్యాఖ్యాత: వాహనపు గొప్ప ఈ ఊరికి కొత్త కాదు లెండి. మన రాజావారు 1900 నాటికే నౌపడ నుంచి ఇక్కడికి చిన్న రైలు నడిపించారు.

బావగారు: నిజమే, సొంత రైలు ముందు మనందరి కార్లూ బొమ్మలే. కానీ ఆ రైలు ఊరి జనాన్ని కూడా మోసింది. సరే, నువ్వు ఇంకో రకం మర్చిపోతున్నావు. సందేహం రూపంలో వచ్చే గొప్ప. "ఈ టైర్లలో గాలి ఎంత పెట్టాలి?" అని అడుగుతాడు. టైరు ఫొటోలో టైరు మూలన ఉంటుంది, మిగతా మూడు వంతులూ కొత్త కారే.

వ్యాఖ్యాత: మాకూ ఉంది. "ఈ స్క్రూ ఎక్కడిదో చెప్పగలరా?" అని అడుగుతారు. స్క్రూ పట్టుకున్న వేళ్ల వెనక లక్షన్నర రూపాయల గ్రాఫిక్స్ కార్డు పెట్టె కనిపిస్తూ ఉంటుంది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా పెట్టె గురించి మాట్లాడితే ఆ మనిషి ఎంత సంతోషిస్తాడో చెప్పలేను.

బావగారు: నేను మాత్రం జవాబు చెప్పి ఊరుకుంటాను. అది నా కక్ష.

వ్యాఖ్యాత: బావగారూ, ఇక మీ సంగతికి వస్తాను. మీ దగ్గర పాత మారుతి 800 ఉంది. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటర్ బండి. 1983 డిసెంబరులో మొదలైన ఆ మోడల్ తయారీ 2014లో ఆగిపోయింది. మీది ఇప్పటికీ కొత్తదానిలా మెరుస్తుంది. పోయిన నెల మీ గుంపులో "ఈ గీత ఏ పాలిష్‌తో పోతుంది?" అని మీరు ఒక ఫొటో పెట్టారు.

బావగారు: పెట్టాను. అయితే?

వ్యాఖ్యాత: అందులో కారు మొత్తం ఉంది. తెల్లవారి ఎండ ఉంది. వెనక రాజమందిరం గోడ ఉంది. గీత ఎక్కడుందో జనానికి తెలియక, మీరు ఎర్ర వృత్తం గీసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

బావగారు: అది నిజంగా గీతే నాయనా. మీ అక్క గొడుగు తగిలింది.

వ్యాఖ్యాత: పాలిష్ ఏది వాడమన్నారు?

బావగారు: పాలిష్ గురించి ఎవరూ చెప్పలేదు. కారు ఏ సంవత్సరానిదని అడిగారు.